ఫీజర్ పుస్తకం, ఉపాలి ప్రశ్న

మేము ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే ఫైనార్. అనంతపురం పీజీ సెంటర్ లైబ్రరీలో ఆ పుస్తకానికి ఎప్పుడూ పోటీయే. అది దొరకనివాళ్ళు పక్క అరలో ఉన్న ఫీజర్ అండ్ ఫీజర్ తీసుకునేవాళ్ళు. నాకు దొరికింది ఫీజరే, ఆఖరికి నచ్చిందీ ఫీజరే. మొగుడూ పెళ్ళామూ కలిసి రాసిన లావుపాటి పుస్తకం. ఏదైనా రసాయన చర్య చెప్పినప్పుడు, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దాన్ని కనిపెట్టినాయన ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర చదివాడు అన్నది కూడా ఉండేది. పరీక్షకు పనికిరాని ఆ అడుగు రాతల కోసమే నేను పేజీలు తిప్పేవాణ్ణి.

లూయీ ఫీజర్ హార్వర్డ్ ప్రొఫెసరు. పిల్లులంటే పిచ్చి. కొన్ని పుస్తకాల ముందుమాటల్లో తాము పెంచుకున్న పిల్లి ఫోటో కూడా వేసుకున్నాడు. 1939లో విటమిన్ కె1ను ప్రయోగశాలలో తయారుచేసినవాళ్ళలో ఆయన ఒకడు. ఇప్పుడు ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే తొడలో వేసే సూది మందు ఆ విటమినే. రక్తం గడ్డకట్టక లోలోపలే కారిపోయే ముప్పు నుంచి పసిబిడ్డను కాపాడుతుంది. నాపామ్ కనిపెట్టింది కూడా ఆయనే. 1942 జూలై 4న హార్వర్డ్ ఆటస్థలంలో దాన్ని మొదటిసారి పేల్చి చూశారు. పెట్రోలును జిగురులాగా చిక్కబరిచే పొడి అది. మామూలు పెట్రోలు భగ్గుమని మండి ఆరిపోతుంది. ఇది పడ్డచోట అంటుకుని, అక్కడే ఉండి మండుతుంది. గోడైనా అంతే, ఒళ్ళైనా అంతే.

ఆ అడుగు రాతల్లో నాకు ఈ నాపామ్ సంగతి కనబడలేదు. ఎక్కడో పత్రికలో చదివి తెలుసుకున్నాను.

రిటైరైన తర్వాత గుత్తిలో మా ఇంటి వరండాలో ఆదివారం సాయంత్రాలు కెమిస్ట్రీ ముచ్చట పెట్టుకుంటున్నాం. సిలబస్ లేదు, ఫీజు లేదు, పరీక్ష లేదు. ఇంటరు, డిగ్రీ చదివే పిల్లలు నలుగురైదుగురు వస్తారు. ఒకప్పుడు నా దగ్గర బీఎస్సీ చదివి, ఇప్పుడు ఎరువుల అంగడి పెట్టుకున్నాయన వస్తాడు. గుంతకల్లు రైల్వేలో చేసి దిగిపోయిన పెద్దాయన ఒకరు వస్తారు, భారతం పద్యాలు ఆయనకు కంఠతా. కాలిన గాయాల వార్డులో నర్సుగా చాలాకాలం పనిచేసిన మా వదిన మధ్యలో టీ తెస్తుంది, తెచ్చినామె కూర్చుండిపోతుంది. మయిలుతుత్తం స్ఫటికాలు పెంచుతాం. మందార రేకుల రసంలో సున్నపు నీళ్ళు పోసి రంగు మారడం చూస్తాం. ఎవరి బోరు నీళ్ళు వాళ్ళు సీసాల్లో పట్టుకొస్తే కాఠిన్యం కొలుస్తాం. ఫ్లోరైడు సంగతి మా జిల్లా వాళ్ళకు నేను చెప్పాల్సింది లేదు. వాళ్ళ పండ్లే చెబుతాయి.

ఒక్కటే నియమం: పేలేదీ మండేదీ వరండాలోకి రాకూడదు. సీమలో ఈ నియమానికి కారణం అడిగేవాడు ఉండడు. ఫ్యాక్షన్ రోజుల్లో నాటు బాంబు విసిరినవాడు ఎవరి కోసం విసిరాడో వాడే పోవాలన్న హామీ ఎన్నడూ లేదు. బస్సు దిగి నడిచొస్తున్నవాడు పోయాడు, అరుగు మీద ఆడుకుంటున్నవాడు పోయాడు. విసిరినవాళ్ళు ఆ తర్వాత చెప్పిన మాట ఒకటే, వాణ్ణి మేము అనుకోలేదు అని.

అదే మాట ఇప్పుడు టీవీలో పెద్ద పెద్ద దేశాల సైనిక ప్రతినిధులు ఇస్త్రీ బట్టల్లో నిలబడి చెబుతుంటే మా వరండాలో కెమిస్ట్రీ ఆగిపోతుంది. గాజా అయితేనేమి, ఉక్రెయిన్ అయితేనేమి. స్ఫటికాల గిన్నె పక్కకు జరిపి వాదన మొదలుపెడతారు. మొదట్లో నేను విసుక్కునేవాణ్ణి. పోను పోను ఈ రెండు ముచ్చట్లూ ఒకటేనని నాకు అనిపిస్తోంది. దేన్ని దేనితో కలిపితే ఏమి పుడుతుందో ముందే తెలుసుకోవడమే కెమిస్ట్రీ. తెలిసీ కలిపినవాడు, పుట్టినదాంట్లో నాకు కావలసింది ఇంతే, మిగతాది నాది కాదు అనవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు ప్రయోగశాలలో దొరకదు. దానికి మన పాత మతాల దగ్గరికి పోవాలి. అవి దీని మీద చాలా కాలంగా కొట్లాడుకున్నాయి.

ముందు భాస్వరం కథ చెబుతాను, పిల్లలకు ఇష్టమైన కథ అది. 1669లో జర్మనీలోని హాంబర్గ్ ఊళ్ళో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం చేస్తానని బయలుదేరాడు. విశ్వవిద్యాలయంలో పదవి ఉన్న పండితుడు కాదు. సొంత ఖర్చుతో, సొంత పిచ్చితో చేసుకున్నవాడు, అచ్చం మా వరండా మనిషి. దానికి ఆయన పట్టుకున్న ముడిసరుకు ఒంటేలు, కుండల కొద్దీ కాచాడు. ఈ మాట దగ్గర పిల్లలు పడీ పడీ నవ్వుతారు. బంగారం రాలేదు. చీకట్లో తనంతట తాను వెలిగే తెల్లని మైనం లాంటి పదార్థం వచ్చింది. మనిషి పేరుతో సహా కనిపెట్టిన చరిత్ర తెలిసిన మొదటి మూలకం అదే. గాలి తగిలితే అంటుకుంటుంది కాబట్టి నీళ్ళలో దాస్తారని ఇంటర్ పుస్తకంలో అందరూ చదివిందే.

1943 జూలై చివర బ్రిటిష్, అమెరికన్ విమానాలు అదే హాంబర్గ్ మీద వరుసగా కొన్ని రోజులు నిప్పు కురిపించాయి. కురిసిన వాటిలో భాస్వరం బాంబులూ ఉన్నాయి. 35 వేల మందికి పైగా చనిపోయారు, దాదాపు అందరూ ఊరి జనమే. ఆ దాడికి బ్రిటిష్ వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ గొమొర్రా'.

ఆ పేరు వినగానే డిగ్రీ పిల్లవాడు ఒకడు తలెత్తాడు. వాళ్ళ నాయన పాస్టరు. "సార్, ఆ కథలో బేరం ఉంది గదా?" అన్నాడు. నిజమే. ఆదికాండము పద్దెనిమిదో అధ్యాయం. గొమొర్రాతో పాటు సొదొమ మీదికి శిక్ష రాబోతోందని తెలిసి అబ్రాహాము దేవుడికి అడ్డం నిలబడి బేరమాడతాడు. దుష్టులతో పాటు మంచివాళ్ళను కూడా చంపుతావా? యాభై మంది మంచివాళ్ళుంటే? నలభై అయిదుగురే ఉంటే? నలభై? ముప్పై? ఇరవై? చివరికి పదిమంది దగ్గర ఆగుతాడు. పదిమంది ఉన్నా ఊరంతటినీ వదిలేస్తానని దేవుడు ఒప్పుకుంటాడు. ఆ పదిమందీ దొరక్క ఊరు కాలిపోయింది, అది వేరే సంగతి. అడిగినవాడు ఒక మనిషి, జవాబు చెప్పక తప్పనివాడు దేవుడు. నేనెరిగిన మత గ్రంథాల్లో మామూలు జనం ప్రాణాల గురించి ఇంత తెగించి అడిగిన ప్రశ్న మరొకటి లేదు. విమానాలు పంపినవాళ్ళు అగ్నిగంధకాల ఊరి పేరు తీసుకున్నారు, దాని ముందున్న బేరాన్ని వదిలేశారు.

ఇప్పటి యుద్ధ చట్టంలోనూ బేరం ఉంది కానీ తిరగబడింది. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన మొదటి అదనపు ఒప్పందం, దాడివల్ల వచ్చే సైనిక లాభంతో పోలిస్తే పౌరుల నష్టం మితిమీరకూడదు అంటుంది. అబ్రాహాము అడిగింది ఎంతమంది ఉంటే ఊరిని వదులుతావని. ఇక్కడ అడుగుతున్నది ఎంతమంది పోతే సరిపెట్టుకోవచ్చునని. ఈ చట్టం వద్దు అని నేను అనను. ఏ చట్టమూ లేని కాలం చూసినవాళ్ళు రాసుకున్నది అది. కానీ చట్టాన్ని ధర్మం అనుకోకూడదు.

భాస్వరం దగ్గరే ఇంకో మెలిక ఉంది. 1980లో మంట పెట్టే ఆయుధాల మీద ప్రత్యేకంగా ఒక ఒప్పందం కుదిరింది, మూడో ప్రోటోకాల్ అంటారు. జనం గుమికూడి ఉన్నచోట విమానంలో నుంచి మంట బాంబులు వేయకూడదని అందులో ఉంది. అయితే మంట ఆయుధం అంటే ఏది? మంట పెట్టడం కోసమే ప్రధానంగా తయారైనది. పొగ కోసమో, వెలుతురు కోసమో చేసి, దాంతోపాటు మంట కూడా పుట్టేది ఆ లెక్కలోకి రాదు. తెల్ల భాస్వరం గుండును పొగ కోసం చేశామంటే సరిపోయింది, చాలా మటుకు బయటపడినట్టే. అదే భాస్వరం, అదే మంట. మారింది చేసినవాడి మనసులోని ఉద్దేశం మాత్రమే.

ఎరువుల అంగడి ఆయనకు ఇందులో తప్పేమీ కనబడలేదు. "ఉద్దేశం చూడకుంటే ఇంకేం జూస్తారు సార్? నేను యూరియా అమ్ముతాను. పురుగుమందు అమ్ముతాను. అది తాగి ఎవురన్నా సచ్చిపోతే నన్ను హంతకుడంటారా? వాళ్ళు పొగ కోసం ఏస్తారు, అడ్డం ఉండేవాళ్ళకు తగుల్తాది. జనంలో దాక్కున్న శత్రువుదీ తప్పే గదా."

మా వదిన గ్లాసులు సర్దుతూ, "నువ్వు అమ్మినాక వాడు తాగినాడప్పా. వీళ్ళు జనం ఉండారని తెలిసే ఏస్తాండారు. రెండూ ఒకటేనా?" అంది. అరవై శాతం కాలినవాళ్ళ పక్కన రాత్రుళ్ళు కూర్చున్న మనిషి ఆమె. కాలిన చర్మం మీద గుడ్డ మార్చేటప్పుడు ఆ మనిషి ఎట్లా అరుస్తాడో ఆమెకు తెలుసు. మాకెవరికీ తెలియదు.

అంగడి ఆయన మాటలో పస లేదని నేను అనుకోను. ఉద్దేశమే ముఖ్యమని బుద్ధుడే చెప్పాడు. ఆ సంగతి వాళ్ళకు నేనే చెప్పాను, ఆయన చేతికి ఆయుధం ఇచ్చినట్టయింది. మజ్ఝిమ నికాయంలో ఉపాలి సుత్తం అని ఒకటుంది. ఉపాలి నాలందాలో ధనవంతుడైన గృహస్థు, మహావీరుడి శిష్యుడు. చేసిన పాపంలో బరువైనది శరీరంతో చేసిందా, మనసుతో చేసిందా అన్నది వాదం. జైనుల పక్షం, శరీరంతో చేసిందే బరువు. బుద్ధుడి పక్షం, మనసుతో చేసిందే. బుద్ధుణ్ణి ఓడించి వస్తానని బయలుదేరిన ఉపాలి చివరికి ఆయన శిష్యుడై తిరిగొస్తాడు. ఇది బౌద్ధులు రాసుకున్న కథ అని గుర్తుంచుకోవాలి, జైనులు రాస్తే ముగింపు వేరుగా ఉండేది. ఆ వాదంలో బుద్ధుడు అడుగుతాడు: ఎంతో నిష్ఠగా ఉండే మీ సాధువు నడుస్తుంటే కాలికింద చిన్న చిన్న ప్రాణులు చస్తాయి కదా, దాని ఫలం ఏమిటంటారు? అనుకోకుండా జరిగింది కాబట్టి పెద్ద దోషం కాదంటాడు ఉపాలి. అనుకుని చేస్తే? పెద్ద దోషమే. మరి అనుకోవడం అన్నది ఎక్కడ జరుగుతుంది, ఒంట్లోనా మనసులోనా? ఉపాలి దొరికిపోతాడు.

"చూసినారా సార్!" అన్నాడు అంగడి ఆయన.

కానీ సుత్తం అక్కడ ఆగదు. తర్వాతి ప్రశ్నే నన్ను పట్టుకున్నది. నాలందా జనంతో కిటకిటలాడే ఊరు. ఒకడు కత్తి దూసుకొచ్చి, ఈ ఊళ్ళో ఉన్న ప్రాణులన్నింటినీ ఒక్క క్షణంలో ఒకే మాంసపు కుప్ప చేస్తానంటే వాడివల్ల అవుతుందా? కాదంటాడు ఉపాలి. పదిమందివల్ల, యాభైమందివల్ల కూడా కాదు. సరే, మనసు మీద అధికారం సాధించిన తాపసి ఒకడు వచ్చి, ఒక్క ద్వేషపు తలపుతో నాలందాను బూడిద చేస్తానంటే? అవుతుంది. పది నాలందాలనైనా, యాభై నాలందాలనైనా ఆ ఒక్క తలపుతో బూడిద చేయగలడంటాడు ఉపాలి.

రెండు వేల ఏళ్ళకు పైగా అది తాపసుల మహిమ గురించిన మాట. అణుబాంబులు పడ్డ 1945 తర్వాత అది మామూలు వర్ణన అయిపోయింది. కత్తి పట్టినవాడు ఒక్కొక్కరినే చంపగలడు, మధ్యలో ఒకరి ముఖం చూసి ఆగిపోగలడు కూడా. బల్ల ముందు కూర్చుని సంతకం పెట్టేవాడి తలపు ఒక్కటే, ఊరు మొత్తం. బుద్ధుడు మనసుకు పెద్దపీట వేసింది మనిషిని వదిలేయడానికి కాదు, ఇంకా గట్టిగా పట్టుకోవడానికి. ఉద్దేశం అనే మాటను మనవాళ్ళు మినహాయింపుగా వాడుతున్నారు, ఆయన బరువుగా వాడాడు. ఈ తేడా మీదే నా వాదమంతా నిలబడి ఉంది.

గుంతకల్లు పెద్దాయన అంతవరకూ ఊరకే విన్నారు. "జైనుల్ని అంత తేలిగ్గా ఓడగొట్టొద్దు. మా కొనకొండ్ల ఉండనే ఉంది" అన్నారు. గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల కుందకుందాచార్యుల ఊరని సంప్రదాయం. అక్కడి కొండమీద జైన విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కుందకుందుడు ప్రవచనసారంలో చెప్పింది ఇది: ఎదుటి ప్రాణి చచ్చినా బతికినా, జాగ్రత్త లేకుండా నడిచేవాడికి హింస అంటినట్టే. జాగ్రత్తగా నడిచేవాడికి, కేవలం ప్రాణి చచ్చిపోయినంత మాత్రాన కర్మబంధం లేదు. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో హింసకు ఇచ్చిన నిర్వచనంలోనూ మొదట వచ్చేది ఏమరుపాటే, ప్రాణం పోవడం దాని తర్వాత. అంటే జైనులు కేవలం శవాలు లెక్కపెట్టేవాళ్ళు కారు. అనుకుని చేసింది, అనుకోకుండా జరిగింది అన్న రెండింటి మధ్య వాళ్ళు మూడోది పెట్టారు. తెలుసుకోగలిగి ఉండీ పట్టించుకోకపోవడం.

యుద్ధంలో పౌరుల చావులు చాలా ఈ మూడో రకానివే. జనాన్ని చంపాలని ఎవరూ అనుకోలేదు, నిజమే. పొరపాటున జరిగిందా అంటే అదీ కాదు. ఎంతమంది పోతారో అంచనా కట్టి, కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత వేసినవి. కెమిస్ట్రీ పరీక్షలో సమీకరణం కుడివైపున తనకు కావలసిన పదార్థం ఒక్కటే రాసి, మిగిలినవి నాకు అక్కర్లేదని వదిలేసిన పిల్లవాడికి నేను సున్నా వేసేవాణ్ణి. కుడివైపు పుట్టినవన్నీ రాయాలి.

ఈ లెక్కతోనే ఫీజర్ దగ్గరికి వస్తాను. వియత్నాం యుద్ధం నడుస్తుండగా విలేకరులు ఆయన్ను అడిగారు. దీన్ని పసిపాపల మీదా బౌద్ధుల మీదా వాడతారని తాను ఊహించలేదన్నాడు. కనిపెట్టినంత మాత్రాన నాపామ్ నీతి మీద తీర్పు చెప్పే హక్కు తనకు లేదనీ అన్నాడు. మొదటి మాట నిజమేనా? 1943లో అమెరికా సైన్యం యూటాలోని డగ్వే ఎడారిలో రెండు నకిలీ ఊళ్ళు కట్టించింది, ఒకటి జర్మన్ పల్లె, ఒకటి జపాన్ పల్లె. కూలీనాలీ జనం ఉండే ఇళ్ళ నమూనాలు అవి. జపాన్ ఇళ్ళల్లో గడ్డి చాపలు పరిచారు. నాపామ్ నింపిన బాంబులు వేసి కాల్చడం, మళ్ళీ కట్టడం, మళ్ళీ కాల్చడం. ఫ్యాక్టరీల నకళ్ళు కట్టలేదు, ఫిరంగుల నకళ్ళు కట్టలేదు. పడుకునే గదులు కట్టారు. ఆ చాపల మీద పడుకునేది ఎవరో అక్కడ తెలియనివాడు లేడు. (ఆ రోజుల్లోనే గబ్బిలాలకు చిన్న చిన్న నాపామ్ పొట్లాలు కట్టి వదలాలనే పథకం ఒకటి నడిచింది, అందులోనూ ఫీజర్ ఉన్నాడు. ఆ గబ్బిలాలు తప్పించుకుని న్యూమెక్సికోలో సొంత సైన్యం విమానాశ్రయాన్నే తగలబెట్టాయి. వాటి ఉద్దేశం ఎవరూ అడగలేదు.)

ఆ జపాన్ ఇళ్ళ నమూనాలు గీసిచ్చిన వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్. జపాన్‌లో చాలా ఏళ్ళు ఉండి పనిచేసినవాడు. పాండిచ్చేరి పోయిన తెలుగువాళ్ళు అరవిందాశ్రమం వారి 'గోల్కొండ' భవనం ముందు నుంచి నడిచే ఉంటారు. హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ నిజాం ప్రభుత్వం నుంచి ఇప్పించిన డబ్బుతో కట్టారు కాబట్టి దానికి ఆ పేరు. దాని శిల్పి కూడా ఈ రేమండే, 1938లో వచ్చి అక్కడ ఉన్నాడు. కాంక్రీటు రెక్కల మధ్య నుంచి సముద్రపు గాలి సాధకుల గదుల్లోకి ఎట్లా రావాలో ఒక్కొక్క అంగుళం ఆలోచించి గీశాడు. ఐదేళ్ళకు, నిప్పు ఏ ఇంట్లోకి ఎట్లా పోతుందో తేల్చుకోవడానికి ఇళ్ళు గీశాడు. మనిషి ఒకడే, చేతి నైపుణ్యం ఒకటే. దుర్మార్గుడని కొట్టిపారేస్తే మనకు సులువు, కానీ కాడు. అందుకే ఈ కథ నన్ను వదలదు.

1945 మార్చి 9 రాత్రి, డగ్వేలో పరీక్షించిన ఆ నాపామ్ బాంబులు టోక్యో మీద పడ్డాయి. తెల్లారేసరికి దాదాపు లక్ష మంది పోయారు, పది లక్షల మందికి పైగా ఇల్లు లేనివాళ్ళయ్యారు. 1923 భూకంపానికి కూడా నిలబడిన అసకుసా సెన్సోజీ ఆలయం కాలిపోయింది. అందులోని దేవత కన్నోన్, మన అవలోకితేశ్వరుడి రూపమే. అంటే బౌద్ధుల మీద వాడతారని ఊహించలేదని ఫీజర్ చెప్పేనాటికి టోక్యో బౌద్ధులు కాలిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. 1972 జూన్ 8న ట్రాంగ్ బాంగ్ ఊళ్ళో గుడిలో తలదాచుకుని బయటికి పరిగెత్తిన జనం మీద, తమ పక్షం వాళ్ళే అయినా, దక్షిణ వియత్నాం విమానం పొరపాటున నాపామ్ వేసింది. ఒంటి మీద బట్టలు కాలిపోయి పరిగెత్తే ఆ తొమ్మిదేళ్ళ పాప ఫోటో చూడనివాళ్ళు తక్కువ.

రెండో మాట, తీర్పు చెప్పే హక్కు లేదన్నది, నాకు మరీ మింగుడుపడదు. ఎన్ని డిగ్రీల్లో మండుతుంది, ఎంతసేపు అంటుకుని ఉంటుంది అన్నది అందరికంటే బాగా తెలిసినవాడు తీర్పు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? ఫీజర్ 1964లో అమెరికా ప్రభుత్వానికి పొగతాగడం ప్రమాదమని నివేదిక ఇచ్చిన కమిటీలో సభ్యుడు. నివేదిక మీద సంతకం పెట్టి కూడా సిగరెట్లు మానలేదు. ఊపిరితిత్తికి క్యాన్సర్ వచ్చి కోసిన తర్వాత మానాడు. దీన్ని ఎద్దేవాకు చెప్పడం లేదు. తెలియడం వేరు, తెలిసినదాన్ని తన మీద వేసుకోవడం వేరు. రెండోది పెద్ద పెద్ద రసాయన శాస్త్రవేత్తలకూ కష్టమే.

మరైతే కనిపెట్టడమే తప్పా? పిల్లలు బెరుకుగా అడిగేది ఇదే. ఆదిపర్వంలో మాండవ్యుడి కథ వాళ్ళకు చెబుతాను. చిన్నప్పుడు తెలియక పురుగులను పుల్లతో గుచ్చినందుకు ముని కొరత మీదికి ఎక్కాల్సి వచ్చింది. ఆయన యమధర్మరాజునే నిలదీసి, పద్నాలుగేళ్ళ లోపు చేసినదానికి పాపం లేదని కట్టడి చేశాడు. పిల్లవాడి కుతూహలానికి అంత పెద్ద క్షమాపత్రం మరెక్కడా లేదు. "మీరంతా పద్నాలుగు దాటినారు నాయనా" అంటే నవ్వుతారు. బ్రాండ్ మీద నాకు కోపం లేదు. 1942లో హిట్లరుకు ఎదురుగా నిలబడ్డ దేశంలో ఫీజర్ చిక్కటి పెట్రోలు చేసినందుకు కూడా ఆయన్ను బోనులో నిలబెట్టను. డగ్వేలో చాపలు పరిచిన తర్వాత తల తిప్పుకున్నందుకు మాత్రం నిలబెడతాను.

గుంతకల్లు పెద్దాయన గీతలోని నిమిత్తమాత్రుడి మాట ఎత్తారు, ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు. ఆయనకే సౌప్తికపర్వం గుర్తుచేశాను. తిక్కన తెలుగులో అది ఆయనకు నాకంటే బాగా వచ్చు. అశ్వత్థామ రాత్రిపూట నిద్రపోతున్న శిబిరం మీద పడ్డాడు. నా రాజు కోసం చేశానని అతడూ అనగలడు. తర్వాత అశ్వత్థామా అర్జునుడూ ఇద్దరూ బ్రహ్మశిరోనామకాస్త్రం వేశారు. అర్జునుడికి వెనక్కి తీసుకోవడం వచ్చు, తీసుకున్నాడు. అశ్వత్థామకు వేయడమే వచ్చు, తీయడం రాదు. అందుకని ఉత్తర కడుపులోని బిడ్డ మీదికి మళ్ళించాడు. గీత చెప్పిన అదే కృష్ణుడు అతణ్ణి మూడు వేల ఏళ్ళు రోగంతో, ఒంటరిగా తిరగమని శపించాడు, నిమిత్తమాత్రుడివి పొమ్మనలేదు. వెనక్కి తీసుకోవడం రానిదాన్ని వేయడం అక్కడ వేరే నేరం.

తల తిప్పుకోకుండా లెక్క రాసినవాడి మాట మాకు దగ్గర్లోనే ఉంది. మా గుత్తి నుంచి పత్తికొండ దారిలో ఎర్రగుడి ఉంది. బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి, పదమూడోది కూడా. కళింగ యుద్ధం గురించి ఆయన అందులో మూడు లెక్కలు వేరు వేరుగా చెప్పాడు. లక్షన్నర మందిని పట్టుకుపోయారు, లక్ష మంది అక్కడ చంపబడ్డారు, అంతకు ఎన్నో రెట్లమంది చనిపోయారు. ఆ మూడో లెక్కను ఎవరూ అడగకుండానే రాశాడు. ఆకలికీ రోగానికీ పోయినవాళ్ళ లెక్క అది అని నేను చదువుకుంటాను. తనకు ఏమీ కాకపోయినా స్నేహితులకూ బంధువులకూ ఆపద వచ్చి బాధపడేవాళ్ళను కూడా లెక్కలో వేశాడు. ఆనాడు పోయినవాళ్ళలో నూరోవంతు, వెయ్యోవంతు మందికి ఆపద వచ్చినా ఇప్పుడు తనకు భారమే అన్నాడు. అబ్రాహాము యాభై నుంచి పదికి దిగినట్టు ఈయన లక్ష నుంచి వందకు దిగాడు. అట్లాగని కళింగను తిరిగి ఇచ్చేయలేదు, అదే శాసనంలో అడవి జనాన్ని బెదిరించాడు కూడా. కళింగ దేశంలోనే ఉన్న ధౌళిలోనూ జౌగఢలోనూ ఈ పదమూడో శాసనం చెక్కించలేదు. దెబ్బతిన్నవాళ్ళకు తప్ప లోకమంతటికీ తన పశ్చాత్తాపం చెప్పుకున్నాడు. అయినా, గెలిచినవాడు తన వల్ల పోయిన మామూలు జనాన్ని తానే లెక్కపెట్టి రాయించిన రాతి మీది మాట అది. ఈనాటి సైన్యాల విలేకరుల సమావేశాల్లో నేను ఆపాటి లెక్క కూడా వినలేదు.

కెమిస్ట్రీ చెప్పే తోటి లెక్చరర్లకు ఒక మనవి. ఇంటర్‌లో పదిహేనో గ్రూపు మూలకాలు చెప్పేటప్పుడు తెల్ల భాస్వరానికీ ఎర్ర భాస్వరానికీ తేడా పట్టిక గీయిస్తారు కదా. దాని పక్కన ఒక పది నిమిషాలు తీసుకుని బ్రాండ్ కుండలూ, 1943 హాంబర్గూ, మూడో ప్రోటోకాల్ లోని మెలికా చెప్పండి. ఈఏపీసెట్‌లో మార్కులు రావు. గుత్తి దగ్గర్లో ఉన్నవాళ్ళయితే పిల్లలను ఎర్రగుడి బండల దగ్గరికి కూడా తీసుకుపోండి. ఎండ పడకముందే పోవాలి, నీళ్ళ సీసాలు మరిచిపోవద్దు.